ఫోర్క్‌లిఫ్ట్ తాళం తీసుకునే ముందు

హోసూరు, బాగలూరు, శూలగిరి వైపు ఒకప్పుడు రాగి చేలూ టమోటా తోటలూ ఉన్న చోట ఇవాళ రేకుల కప్పులతో పెద్ద పెద్ద గోదాములు లేచాయి. కోలారు దగ్గర నరసాపురలో, చెన్నైకి ఉత్తరాన గుమ్మిడిపూండిలో, అక్కడి నుంచి సరిహద్దు దాటితే ఆంధ్రలోని శ్రీసిటీలో కూడా ఇదే తీరు. ఈ గోదాముల్లో మన ఇళ్ళ పిల్లలు చాలామంది పనిచేస్తున్నారు. మొదట మూటలెత్తే పనికి పోతారు. కొన్ని నెలలయ్యాక ఒకరోజు తోలేవాడు పనికి రాడు. అప్పుడు మేస్త్రీ వచ్చి, "నువ్వు ఊళ్ళో ట్రాక్టరు తోలతావు గదా, ఇదీ అంతే, ఎక్కు" అని ఫోర్క్‌లిఫ్ట్ తాళం చేతిలో పెడతాడు. కుర్రవాడికి సంతోషం. మూటల పని తప్పింది, జీతం కూడా పెరుగుతుందేమో.

ఆ తాళం తీసుకునే ముందు ఏం తెలిసి ఉండాలి, ఏ పత్రం కావాలి, అది ఎక్కడ దొరుకుతుంది అన్నది ఈ పూట చెప్పుకుందాం. నేను బడిపంతులును, యంత్రాల కంపెనీ మనిషిని కాను. అయితే నా దగ్గర చదివి ఈ పనుల్లో చేరిన పిల్లలు తమ కాగితాలు పట్టుకుని వస్తుంటారు. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, నేర్పేవారు తమిళంలోనో కన్నడంలోనో హిందీలోనో చెబుతారు, వినేవాడు ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు. ఆ కాగితాలు చదివి చెబుతూ, నేను కూడా పదిమందిని అడిగి తెలుసుకున్న సంగతులే ఇవి.

ట్రాక్టరు వచ్చినవాడికి ఫోర్క్‌లిఫ్ట్ వచ్చినట్టే అనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. ట్రాక్టరుకు ముందు చక్రాలు తిరుగుతాయి. ఫోర్క్‌లిఫ్టుకు వెనక చక్రాలు తిరుగుతాయి. మీరు స్టీరింగు కుడికి తిప్పితే బండి ముక్కు కుడికి పోతుంది సరే, దాని తోక ఒక్కసారిగా ఎడమకి విసురుతుంది. ఆ తోకలోనే బరువంతా ఉంటుంది. 2 టన్నులెత్తే బండి తాను 3 టన్నులకు పైనే తూగుతుంది. ఇరుకు దారిలో అటుగా నడిచిపోయే మనిషిని ఆ తోక గోడకి అదిమిందంటే, తోలేవాడికి తెలిసే లోపలే అంతా అయిపోతుంది. ఈ బండి వల్ల దెబ్బ తినేది తోలేవాడొక్కడే కాదు, పక్కన నడిచే కూలీ కూడా. పిల్లవాడికి బండి వచ్చా రాదా అన్నది అందరూ పట్టించుకోవలసిన సంగతి అయింది అందుకే.

బరువు ఎందుకంత అంటే, ఏతాం గుర్తు తెచ్చుకోండి. బావి మీద ఏతాంలో ఒక కొసన బాన, రెండో కొసన రాయి, మధ్యలో ఆనే చోటు. ఫోర్క్‌లిఫ్ట్ కూడా ఏతామే. ముందు చక్రాల ఇరుసు ఆనే చోటు. ముందున్న రెండు ఇనుప నాలుకల మీద సరుకు. వెనక పోత ఇనుముతో చేసిన బరువు. ముందు సరుకు బరువెక్కువైతే వెనక చక్రాలు నేల వదులుతాయి. వెనక చక్రాలే తిరిగే చక్రాలు గదా, అవి గాలిలోకి లేస్తే ఇక స్టీరింగు తిప్పి లాభం లేదు.

ఇక్కడ ఎంత బరువు అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. బరువు ఎంత దూరంలో ఉంది అన్నది రెండో ప్రశ్న. బండి మీద ఒక రేకు పలక బిగించి ఉంటుంది. దాని మీద అంకెలుంటాయి. 2000 కిలోలు, 500 మిల్లీమీటర్లు అని ఉందనుకోండి. సరుకు నడిబరువు ఇనుప నాలుకల మొదటి నుంచి అర మీటరు దూరంలో ఉన్నప్పుడు మాత్రమే 2 టన్నులు ఎత్తవచ్చునని దాని అర్థం. మీటరు లోతున్న పెట్టె అయితే సరిగ్గా అలా వస్తుంది. అదే 1.4 మీటర్ల పొడవున్న పెట్టె అయితే నడిబరువు 70 సెంటీమీటర్ల దూరానికి జరుగుతుంది. అప్పుడు ఎంత ఎత్తవచ్చు? నల్లబల్ల మీద లెక్క వేసి చూద్దాం. ముందు ఇరుసు నుంచి నాలుకల మొదటికి 40 సెంటీమీటర్లు ఉందనుకుందాం, ఇది బండిని బట్టి మారుతుంది. మొదటి పెట్టెకు ఇరుసు నుంచి దూరం 90. రెండు వేల కిలోలను 90తో గుణిస్తే 1,80,000. రెండో పెట్టెకు దూరం 110. 1,80,000ని 110తో భాగిస్తే ఇంచుమించు 1,636 కిలోలు. పెట్టె 40 సెంటీమీటర్లు పొడుగైనంత మాత్రాన 360 కిలోలకు పైగా తగ్గిపోయింది చూడండి. ఇది అర్థం కావడానికి వేసిన లెక్కే సుమా. అసలు బండి మీద పని చేసేటప్పుడు పలక మీది అంకెకే కట్టుబడాలి. ఎత్తు పెరిగే కొద్దీ కూడా ఆ అంకె తగ్గుతుంది. ఇనుప నాలుకలకు బదులు డ్రమ్ములు పట్టే పట్టుకారు వంటివి తగిలిస్తే ఇంకా తగ్గుతుంది.

బడిలో లివర్ పాఠం చెప్పేటప్పుడు నేనిప్పుడు కత్తెర, అడకత్తెరలతో పాటు ఈ బండి బొమ్మ కూడా గీస్తున్నాను. వెనక బెంచీలో కూర్చునే పిల్లలు ఆ రోజు మాత్రం చేతులెత్తుతారు.

బండి ముందుకు ఒరగడం ఒక రకం, పక్కకి పడడం ఇంకొక రకం. ప్రాణాలు ఎక్కువగా పోయేది పక్కకి పడినప్పుడు. నాలుగు చక్రాలున్నా నిలకడలో ఈ బండి మూడు కాళ్ళ పీట వంటిది. వెనక ఇరుసును మధ్యలో ఒక్కచోట ఊగేలా బిగించి ఉంటారు. ముందు రెండు చక్రాలూ, ఆ వెనక మధ్య బిందువూ కలిపితే ఒక త్రిభుజం. బండిదీ సరుకుదీ కలిసిన నడిబరువు ఆ త్రిభుజం గీతలు దాటిందంటే బండి పడుతుంది. సరుకు పైకెత్తి ఉంచి మలుపు తిప్పితే దాటుతుంది. వాలులో అడ్డంగా తిప్పితే దాటుతుంది. ఖాళీ బండి పడదులే అనుకుని వేగంగా తిప్పినా దాటుతుంది. ఖాళీ బండి పక్కకి పడడం నిజానికి ఇంకా తేలిక.

పడుతున్నప్పుడు ఏం చేయాలి? మనిషి స్వభావం దూకమంటుంది. ట్రాక్టరు మీద అలవాటైనవాడు తప్పకుండా దూకుతాడు. సీటులో కూర్చుని తోలే ఫోర్క్‌లిఫ్టులో మాత్రం దూకకూడదు. తల మీద ఇనుప కప్పు ఉంటుంది గదా, దూకినవాడి మీద పడేది ఆ కప్పే. సీటు బెల్టు పెట్టుకుని ఉండాలి, స్టీరింగు గట్టిగా పట్టుకోవాలి, కాళ్ళు నేలకి బిగించి తన్నిపట్టాలి, బండి ఎటు పడుతోందో దానికి ఎదురు వైపు ఒరగాలి. నిలబడి తోలే రీచ్ ట్రక్కులలో, వెనక నుంచి దిగే వీలున్న వాటికి పద్ధతి వేరు, వెనక్కి అడుగేసి దిగిపోవాలి. ఒక బండికి ప్రాణం కాపాడే పని ఇంకొక బండికి ప్రాణం తీస్తుంది. వీడియో చూసి ఇది ఒంటికి పట్టదు. పక్కన నిలబడి పదిసార్లు చెప్పి చేయించే మనిషి కావాలి.

మిగిలినవి త్వరగా చెబుతాను. సరుకు నేల నుంచి జానెడు ఎత్తులోనే ఉంచి, మాస్టును వెనక్కి వంచి నడపాలి. సరుకుతో వాలు ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కి. అంటే సరుకు ఎప్పుడూ మెరక వైపే ఉండాలి. సరుకు ఎదురు కనబడకుండా అడ్డుగా ఉంటే వెనక్కి తిరిగి చూస్తూ తోలాలి. ఇనుప నాలుకల మీద మనిషిని నిలబెట్టి పైకెత్తడం, ఎత్తిన సరుకు కింద మనిషి నడవడం, ఈ రెండూ ఎవరు చెప్పినా ఒప్పుకోకూడదు. మేస్త్రీ బల్బు మార్చాలన్నా సరే.

ఇక పత్రం సంగతి. చాలామంది మొదట అడిగేది, ఆర్.టి.ఓ. ఆఫీసులో దీనికి లైసెన్సు ఇస్తారా అని. 1988 మోటారు వాహనాల చట్టం తన నిర్వచనంలోనే, ఫ్యాక్టరీలోనో ప్రహరీ లోపలి ఆవరణలోనో మాత్రమే వాడేందుకు తయారైన ప్రత్యేక బండ్లను మోటారు వాహనాల లెక్క నుంచి తప్పించింది. గోదాము గేటు లోపలే తిరిగే ఫోర్క్‌లిఫ్టుకు ఆర్.టి.ఓ. లైసెన్సు చట్టప్రకారం తప్పనిసరి కానిది అందుకే. అయినా చాలా కంపెనీలు కారు లైసెన్సయినా ఉండాలని అడుగుతాయి, అది మంచి అలవాటే. గేటు దాటి రోడ్డెక్కే బండి అయితే రిజిస్ట్రేషనూ లైసెన్సూ రెండూ కావాలి.

లైసెన్సు అక్కరలేదంటే శిక్షణ అక్కరలేదని కాదు. కార్మికుడి భద్రతకు కావలసిన సమాచారం, శిక్షణ, పర్యవేక్షణ ఇవ్వడం యజమాని కర్తవ్యమని ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేసిన సవరణ స్పష్టంగా రాసింది. ఎత్తే యంత్రాలను ఏడాదికి ఒకసారైనా అర్హుడైన వ్యక్తి పరీక్షించాలని ఆ 1948 చట్టంలో ఉండేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతిలో ఆ చట్టాన్ని కలిపేశారు. పేరు మారింది గాని, పని చోటును క్షేమంగా ఉంచే బరువు యజమాని భుజం మీదనే ఉంది.

మన దేశంలో ఈ పనికి నైపుణ్య పత్రం ఇచ్చే దారులు ముఖ్యంగా మూడు. కేంద్రప్రభుత్వ నైపుణ్య వ్యవస్థలో భాగంగా పనిచేసే సెక్టార్ స్కిల్ కౌన్సిళ్ళు ఒకటి. నిర్మాణ యంత్రాలకు ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఎక్విప్‌మెంట్ స్కిల్ కౌన్సిల్ ఉంది, గోదాము పనులకు లాజిస్టిక్స్ సెక్టర్ స్కిల్ కౌన్సిల్ ఉంది. వీటి గుర్తింపు ఉన్న కేంద్రంలో నేర్చుకుంటే, నేర్పినవారు కాకుండా వేరే పరీక్షకుడు వచ్చి పరీక్ష పెడతాడు. అదే దీని బలం. రెండవది, ఫోర్క్‌లిఫ్టులు తయారుచేసే కంపెనీలు నడిపే తరగతులు. మూడవది, మీరు పనిచేసే కంపెనీ తానే శిక్షకుణ్ణి పెట్టి నేర్పి, పరీక్షించి, ఫలానా బండి తోలడానికి ఇతనికి అనుమతి ఉంది అని రాసి ఇచ్చే కార్డు. మొదటి రెండూ చేతిలో ఉన్నా ఈ మూడోది లేకుండా ఆ గోదాములో బండెక్కకూడదు. మీరు నేర్చుకున్న చోటి నేల వేరు, ఇక్కడి వాలు వేరు, ఇక్కడి అరల మధ్య దారి వేరు. డీజిలు ఫోర్క్‌లిఫ్ట్ మీద తీసుకున్న పత్రం రీచ్ ట్రక్కుకు చెల్లదు, చిన్న స్టాకరుకైనా వేరే నేర్చుకోవాలి.

ఏళ్ళ తరబడి తోలుతున్నా చేతిలో కాగితం లేనివారు మన వైపు ఎందరో ఉన్నారు. వారి కోసం ముందే వచ్చిన పనికి గుర్తింపు ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. 2015లో మొదలైన ప్రధాన మంత్రి కౌశల్ వికాస్ యోజనలో దీన్ని చేర్చారు. కొద్దిపాటి తరగతి, తరువాత పరీక్ష, నెగ్గితే పత్రం. ఇరవై ఏళ్ళుగా తోలుతున్న ఒకాయన, "నాకు నేర్పేదేముంది మాస్టారూ" అంటూనే వెళ్ళి వచ్చి, పలక మీది రెండో అంకె ఏమిటో ఇన్నాళ్ళకు తెలిసిందన్నాడు.

దొంగ కార్డుల గురించి కూడా చెప్పాలి. నా దగ్గర చదివిన ఒకబ్బాయి ఒక కార్డు తెచ్చి చూపించాడు. ఫోటో, రంగుల ముద్ర, ఇంగ్లీషులో పెద్ద పేరు, అన్నీ ఉన్నాయి.

"ఎన్ని దినాలు నేర్చావురా?" అన్నాను.

"ఒకటే దినం సార్. పొద్దున వీడియో చూపించారు. అన్నం తిన్నాక కార్డు ఇచ్చారు."

"బండి ఎక్కావా?"

"పక్కన నిలబెట్టి ఫోటో తీశారు సార్."

దానికి వాళ్ళమ్మ చెవి కమ్మలు కుదువ పెట్టింది. ఆ కార్డు చూసి కుర్రవాడికి ఎవరైనా తాళం ఇచ్చి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పనక్కరలేదు. ఆ అబ్బాయి తరువాత వేరే చోట పన్నెండు దినాలు నేర్చుకున్నాడు. మొదటి రెండు దినాలూ బండి ఎక్కనివ్వలేదని నా దగ్గర విసుక్కున్నాడు కూడా. నాకు మాత్రం అది విన్నాకే ఆ చోటు మీద నమ్మకం కుదిరింది.

కాబట్టి డబ్బు కట్టే ముందు ఆ కేంద్రానికి వెళ్ళి కళ్ళారా చూడండి. బండి ఉందా, ఉంటే కదులుతోందా? ఒక్కొక్కరు ఎన్ని గంటలు తోలతారు? పరీక్ష పెట్టేది ఎవరు? పత్రం మీది సంఖ్యనో గడుల ముద్రనో ఫోనులో చూసుకుంటే పేరు పలుకుతుందా? పోయిన జట్టులో నేర్చుకున్నవారు ఎక్కడ పనిచేస్తున్నారు? సరైనవారు ఈ ప్రశ్నలకు కోపగించుకోరు. ఇంకొక ప్రశ్న మనవాళ్ళు సిగ్గుపడి అడగరు, ఏ భాషలో నేర్పుతారు, ఏ భాషలో పరీక్ష పెడతారు అని. తమిళం బాగా వచ్చినవాడు తమిళంలోనే రాయవచ్చు, కన్నడం వచ్చినవాడు కన్నడంలో. తెలుగు తప్ప వేరేది చదవలేనివాడు ఆ మాట మొదటి రోజే చెప్పాలి. అర్థం కాకుండా తల ఊపడం బడిలో అయితే మార్కులు పోగొడుతుంది, ఇక్కడ కాళ్ళు పోగొడుతుంది.

తాళం ఇచ్చినప్పుడు కాదనడం ఎలా అని అడుగుతారు పిల్లలు. నిజమే, కాంట్రాక్టు కూలీకి అది కష్టం. నేర్పించి, కార్డు రాసి ఇవ్వండి సార్, తోలతాను, అనడం ఎదురు తిరగడం కాదు. పైగా, స్పష్టంగా ఇచ్చిన భద్రతా ఆదేశాన్ని కావాలని మీరాడని యజమాని నిరూపిస్తే కొన్ని రకాల గాయాలకు పరిహారం ఇవ్వనక్కరలేదనే మాట 1923 నాటి పరిహార చట్టం నుంచీ ఉంది. అనుమతి లేనివారు తోలరాదు అని గోడ మీద బోర్డు ఉంటుంది, నోటిమాటగా తోలమన్న మేస్త్రీ ప్రమాదం జరిగిన నాడు నేను చెప్పలేదంటాడు. అందుకే కాగితం ఉండాలి. కూతుళ్ళున్న తల్లిదండ్రులకు ఒక మాట: ఇది కండబలం పని కాదు, కన్నూ చెయ్యీ ఓర్పూ ఉన్నవారి పని. అమ్మాయిలు కూడా తోలుతున్నారు, బాగా తోలుతున్నారు.

గల్ఫుకు పోవాలనుకునేవారు ఇక్కడి పత్రం ఒక్కటే చాలునని నమ్మి ఏజెంటుకు డబ్బు కట్టవద్దు. అక్కడి కంపెనీ అక్కడే మళ్ళీ పరీక్ష పెట్టవచ్చు. అమెరికాలో 1999 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం శిక్షణ పొందాడని ధృవీకరించవలసింది పనిలో పెట్టుకున్న యజమానే, మూడేళ్ళకు ఒకసారైనా తిరిగి పరీక్షించాలి కూడా.

పని దొరికాక ప్రతి పూటా బండి ఎక్కే ముందు చుట్టూ ఒకసారి తిరగండి. టైర్లు, గొలుసులు, నూనె కారడం, బ్రేకు, హారను, బెల్టు చూసుకోండి. ఇనుప నాలుక మడత దగ్గర పదోవంతు మందం అరిగితే దాని బలం అయిదోవంతు తగ్గినట్టు లెక్క, అప్పుడది మార్చవలసిందే. బ్యాటరీ బండి అయితే చార్జి పెట్టే చోట బీడీ ముట్టించకూడదు. ఆ బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజను వాయువుకు ఒక్క నిప్పురవ్వ చాలు.

చివరగా పేరు సంగతి. తమిళనాడులో మన పిల్లలకు బడిలో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనిషియలుగా రాస్తారు. ఇంట్లో ఇంటిపేరు వేరే ఉంటుంది. ఆధార్‌లో ఇంకొక రకంగా పడి ఉంటుంది. స్కిల్ ఇండియా తరగతుల్లో పేరు నమోదు ఆధార్‌తోనే జరుగుతుంది, పత్రం మీద ఆ పేరే వస్తుంది. తీరా ఉద్యోగంలో చేరే రోజు బడి టి.సి.లో ఎం. మునిరాజు, పత్రంలో మునిరాజు మల్లప్ప అని ఉంటే ఇద్దరూ ఒకరేనని నిరూపించుకోవడానికి నెల రోజులు తిరగాలి. పేరు రాయించుకోక ముందే ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. బడి రికార్డులో దిద్దవలసింది ఉంటే మీరు చదివిన బడికే వెళ్ళండి. పరీక్షల నెలలో మాత్రం వద్దు, మాకు ఊపిరాడదు.